వరదలో అయిపోయిన మాత్ర: ఐదేళ్ల ప్రెగాబలిన్‌ని ఏడు నెలల్లో మాన్పించిన కేసు

ఆవిడ మా క్లినిక్‌కి వచ్చింది నరాల నొప్పి అని కాదు. పెరట్లో రెండుసార్లు పడిపోయిందని కొడుకు తీసుకొచ్చాడు. 2022 ఆగస్టు మొదటి వారం. వయసు 67, బరువు 54 కిలోలు. కోనసీమలో వైనతేయ పాయ పక్కన ఒక లంక ఊరు వాళ్లది. కొడుకుది కొబ్బరికాయల వ్యాపారం. ఇంట్లో కోడలు, ఇద్దరు మనవలు. ఆవిడా, ఇంట్లోవాళ్లూ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

"ఎలా పడ్డారమ్మా?" అని అడిగితే, "కళ్లు తిరిగి కాదండి. కాళ్లు నా మాట వినలేదు" అంది. ఒకసారి తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్తూ. ఇంకోసారి పొద్దున్న మందులు వేసుకున్న గంటన్నరకి, తులసికోట దగ్గర. ఎడమ మోచేతి కింద కమిలిన చోట ఇంకా నల్లగానే ఉంది.

పెద్దవాళ్లు పడిపోయారని ఎవరొచ్చినా ముందు మందుల సంచి అడుగుతాను. చీటీ కాదు, సంచి. చీటీలో ఉన్నదీ ఇంట్లో వేసుకునేదీ ఒకటే అయిన సందర్భాలు తక్కువ. కోడలు ప్లాస్టిక్ కవర్లోంచి ఒక్కో షీటూ తీసి టేబుల్ మీద పరిచింది. బీపీకి ఆమ్లోడిపిన్ 5. కాళ్ల వాపుకి ఫ్రుసెమైడ్ (ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే మాత్ర), నాలుగు నెలల క్రితం ఎవరో మొదలుపెట్టింది. గ్యాస్ మాత్ర. కాల్షియం. పొద్దున్నకి నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్ 150 మి.గ్రా. క్యాప్సూల్. రాత్రికి ప్రెగాబలిన్ 75, నరాల నొప్పికే ఇచ్చే ఇంకో మందు నార్‌ట్రిప్టిలిన్ 10 కలిపి ఉన్న క్యాప్సూల్. అంటే రోజుకి 225 మి.గ్రా. ప్రెగాబలిన్.

"ఈ గొట్టాలు ఎప్పటినుంచమ్మా?"

"సర్పి లేచినప్పటినుంచండి."

సర్పి అంటే హెర్పిస్ జోస్టర్, నరం వెంట పొక్కులు లేచే వైరస్ జబ్బు. అది లేచింది 2017లో. కుడివైపు రొమ్ము కింద నుంచి వీపు దాకా. అప్పుడు ఊళ్లో కావిమట్టి పూయించారు, మంత్రం వేయించారు. సర్పి తలా తోకా కలిస్తే మనిషి దక్కదని భయం. వైరస్ మందు పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మొదలైతే బాగా పనిచేస్తుంది. ఈవిడ ఆస్పత్రికి వెళ్లేసరికి వారం దాటింది. పొక్కులు మానాయి కానీ మంట మిగిలింది. జాకెట్టు తగిలినా, ఫ్యాను గాలి తగిలినా నిప్పు పెట్టినట్టుండేదట. ఆ నొప్పికి ప్రెగాబలిన్ రాయడం సరైన వైద్యమే. దానివల్లే ఆవిడ నిద్రపోగలిగింది. పొరపాటు మందు మొదలుపెట్టడంలో జరగలేదు. ఆ తర్వాత ఐదేళ్లలో "ఇంకా అవసరమా?" అని ఎవరూ ఒక్కసారి అడగకపోవడంలో జరిగింది. పాత చీటీ చూపించి షాపులో తెచ్చుకోవడం, అయిపోతే మళ్లీ తెచ్చుకోవడం, అలా సాగిపోయింది.

ఇక వరద సంగతి. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఆధారం దొరికింది అక్కడే.

ఆ జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కాజ్‌వేలు మునిగాయి, లంకల్లో జనం మేడల మీదకీ, పునరావాస కేంద్రాలకీ చేరారు. ఈవిణ్ణి బడిలో పెట్టిన కేంద్రానికి పడవలో తీసుకొచ్చారు. బియ్యం, బట్టలు, పశువుల గడ్డి గురించి ఆలోచించారు గానీ మందుల డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రాత్రి నుంచి నిద్ర లేదు. ఒళ్లంతా చెమట, గుండె దడ, చేతులు వణుకు, వాంతి వచ్చేట్టుండటం, రెండు మూడు విరేచనాలు. దానికితోడు సర్పి మచ్చ దగ్గర మంట. ఇల్లు మునిగిన టెన్షన్ అన్నారు కొందరు. నీళ్ల తేడా అన్నారు ఇంకొందరు. అక్కడ ఓఆర్‌ఎస్ ఇచ్చారు, అదీ మంచిదే. ఐదో రోజు కొడుకు పడవ మీద వెళ్లి డబ్బా తెచ్చాడు. రెండు పూటలు వేసుకునేసరికి మనిషి కుదుటపడింది.

దాంతో ఇంట్లో రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ఆవిడ అభిప్రాయం: "ఈ గొట్టం లేకపోతే నా జబ్బు మళ్లీ లేస్తది." కొడుకు అభిప్రాయం: "అమ్మ దీనికి బానిసైపోయిందండి, నల్లమందుకి అయినట్టు." రెండూ తప్పే. రెండో మాట అయితే ఆవిణ్ణి బాగా బాధపెట్టింది. నా ముందే కళ్లనీళ్లు పెట్టుకుంది. చెప్పిన మోతాదులో చెప్పినట్టు వేసుకున్న మనిషిని బానిస అనడం అన్యాయం. శరీరం మందుకి అలవాటుపడటం వేరు, మనసు మందు వెంట పరుగెత్తడం వేరు. ఈవిడ ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోలేదు, ఎక్కడా దాచుకోలేదు.

వాళ్లకి తూము పోలికతో చెప్పాను. లంకలో పుట్టి పెరిగినవాళ్లకి తూము గురించి నేను నేర్పేదేమీ లేదు. దెబ్బతిన్న నరంలో నొప్పి సంకేతాలు ఆగకుండా పారుతుంటాయి. నరాల కొసల్లో కాల్షియం లోపలికి వెళ్లే దారులుంటాయి. ప్రెగాబలిన్, అదే కోవకి చెందిన గబాపెంటిన్ రెండూ ఆ దారుల్లో ఆల్ఫా-2-డెల్టా అనే భాగానికి అతుక్కుని, తూము పలక సగం దించినట్టు ప్రవాహం తగ్గిస్తాయి. ఏళ్ల తరబడి పలక దించే ఉంటే పైన నీటిమట్టం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఒక్కరోజులో పలక పూర్తిగా ఎత్తేస్తే కింద చేను మునుగుతుంది. అది కొత్త వరద కాదు, ఆపి ఉంచిన నీరు. బడిలో ఆ ఐదు రోజులు జరిగింది అదే. పలకని అంగుళం అంగుళం ఎత్తితే చేను తట్టుకుంటుంది. కొడుకు వెంటనే "ఆయ్, అర్థమైందండి" అన్నాడు. ఆ తర్వాత బానిస అనే మాట మళ్లీ ఎత్తలేదు.

పరీక్షకి వస్తాను. ముందు నొప్పి ఎక్కడుందో వేలితో చూపించమన్నాను. ఆవిడ అరచెయ్యి రొమ్ము కింద పెట్టింది. కొంచెం పక్కకి జరిపింది. వెనక్కి జరిపింది. మళ్లీ ముందుకి తెచ్చింది. "ఇక్కడే ఉండాలండి" అంది. "ఉండాలి" అన్న ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. నిజంగా నరం మండుతున్న మనిషి ఆ చోటుని వెతుక్కోదు. దూది పింజతో మచ్చ మీద మెల్లగా రాశాను. ఐదేళ్ల క్రితం ఆ పనికి కెవ్వుమనేదట. ఇప్పుడు మంట లేదు, స్పర్శ కాస్త మొద్దుగా ఉంది, అంతే. సర్పి తర్వాత మిగిలే నొప్పి కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతుంది, నిజమే. చాలామందికి మాత్రం కొన్ని నెలల్లో, ఏడాదిలో తగ్గుతూ వస్తుంది. ఈవిడకి ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. రోజూ రెండు పూటలా మందు పడుతుండటంతో తగ్గిన సంగతి ఎవరికీ తెలియలేదు.

పడుకోబెట్టి చూస్తే బీపీ 146/82. లేచి నిలబడిన నిమిషానికి 116/70. నిలబడితే 30 పడిపోతోందంటే తూలడానికి ఒక కారణం దొరికినట్టే. రెండు కాళ్లకీ చీలమండల పైదాకా వాపు, నొక్కితే గుంట. ఈసీజీ, గుండె స్కానింగ్ బాగున్నాయి. మూత్రంలో ప్రొటీన్ లేదు. సుగర్ లేదు.

కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.3. రిపోర్టు చూసి కొడుకు "పెద్దగా ఎక్కువేం లేదు కదండీ" అన్నాడు. చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ ఆ అంకెని వయసు, బరువు, ఆడమనిషి అన్న మూడిటితో కలిపి లెక్కకట్టాలి. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో వేస్తే ఆవిడ కిడ్నీలు నిమిషానికి 36 మి.లీ. మాత్రమే శుద్ధి చేస్తున్నాయి. ప్రెగాబలిన్ లివర్‌లో కరగదు. దాదాపు మొత్తం అలాగే మూత్రంలోంచే పోవాలి. అందుకే శుద్ధి 30 నుంచి 60 మధ్య ఉన్నవాళ్లకి మోతాదు సగం చేయాలని మందు వివరపత్రంలోనే ఉంటుంది. ఆ లెక్కన ఈవిడ ఒంట్లో 225 అంటే మంచి కిడ్నీలున్న మనిషికి 450 ఇచ్చినట్టు. 62 ఏళ్లప్పుడు సరిపోయిన మోతాదు 67 వచ్చేసరికి, అంకె మారకుండానే రెట్టింపు అయింది. పెద్దవాళ్లకి ఏ నరాల మందు రాసినా ఏడాదికోసారి ఈ లెక్క వేయడానికి రెండు నిమిషాలు చాలు.

వాపు గొలుసు కూడా విప్పాలి. ఆమ్లోడిపిన్ కాళ్ల వాపు తెస్తుంది. ప్రెగాబలిన్ కూడా తెస్తుంది. ఆ వాపు చూసి ఫ్రుసెమైడ్ వచ్చింది. ఫ్రుసెమైడ్ వల్ల నిలబడితే బీపీ పడిపోతోంది. ఆ మాత్రకే తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేవాల్సివస్తోంది, లేచినప్పుడు పడుతోంది. ఒక మందు చేసిన పనికి ఇంకో మందు, దానికి ఒక ప్రమాదం.

అన్నీ ఒకేసారి మార్చాలనిపిస్తుంది. అది మాత్రం చేయకూడదని నా గట్టి నమ్మకం. రెండు మందులు ఒకేసారి కదిపితే ఏది దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. గుండె, మూత్రం బాగున్నాయి కాబట్టి ముందు ఫ్రుసెమైడ్ ఆపాను. రెండు వారాల్లో నిలబడినప్పటి బీపీ 130/76కి వచ్చింది. రాత్రి వేసుకునే కలిపిన క్యాప్సూల్ తీసేసి ప్రెగాబలిన్ 75 విడిగా, నార్‌ట్రిప్టిలిన్ 10 విడిగా ఇచ్చాను. కలిపిన క్యాప్సూల్‌తో తగ్గించడం మొదలుపెడితే రెండు మందులూ ఒకేసారి తగ్గుతాయి. అలా ఇబ్బందిపడి వచ్చినవాళ్లని చూశాను. నార్‌ట్రిప్టిలిన్ నిద్రకి తోడుగా ఉంటుందని చివరిదాకా ఉంచి, అన్నిటికంటే ఆఖర్న తీయాలనుకున్నాను. ఆమ్లోడిపిన్ ముట్టుకోలేదు.

వరదల కాలం పోయాక మొదలుపెడదామా అన్నాడు కొడుకు. అంతదాకా ఆవిడ పడకుండా ఉంటుందన్న హామీ లేదు. అందుకని ఒక ఏర్పాటు చేశాం. నెలకి సరిపడా అదనపు మాత్రలు, మోతాదు రాసిన కాగితం, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఇంటి పత్రాలతో పాటు ఉంచాలి. పత్రాలు తీసిన చెయ్యి మందులు కూడా తీస్తుంది. ఆగస్టు మధ్యలో మళ్లీ నీరు వచ్చినప్పుడు ఆ డబ్బా పనికొచ్చింది.

ప్రెగాబలిన్ ఆపాలంటే కనీసం వారం రోజులు తీసుకుని తగ్గించాలని తయారీదారుల సూచన. బ్రిటన్‌లో ఇచ్చిన సలహా వారానికి 50 నుంచి 100 మి.గ్రా.కి మించి తగ్గించొద్దని. ఐదేళ్లు వేసుకున్న, ఒకసారి ఆగిపోయి బెదిరిపోయిన 67 ఏళ్ల మనిషికి ఆ వేగం కూడా ఎక్కువే అనిపించింది. రెండు వారాలకి 25 మి.గ్రా. చొప్పున అనుకున్నాం. 50, 75 మి.గ్రా. క్యాప్సూల్స్ తెప్పిస్తే 25 చొప్పున మెట్లు కుదురుతాయి. మొదట పగటి మోతాదు తగ్గించాను, ఎందుకంటే పొద్దున్న మాత్ర తర్వాత పదకొండు దాకా ఆవిడ మత్తుగానే ఉండేది. ఆగస్టు నెలాఖర్లో 200. సెప్టెంబరు మధ్యలో 175. దసరా వెళ్లాక 150. ఎక్కడా ఇబ్బంది లేదు. "పొద్దున్న టిఫిన్ చేసి కునికిపాట్లు పడట్లేదండి" అంది కోడలు.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. అంతా సాఫీగా ఉందన్న ధైర్యంతో, నవంబరులో వాళ్ల ఇంట్లో పెళ్లి ఉంది, అప్పటికి సగానికి పైగా అయిపోతే బాగుంటుందని కొడుకు అడిగితే, అక్టోబరు చివర్లో 150 నుంచి ఒకేసారి 100కి దించాను. మూడో రోజు ఫోన్. నిద్ర లేదు, చెమటలు, కాళ్లు ఒక చోట నిలవడం లేదు. నాలుగో రోజు 125కి పెంచాను, రెండు రోజుల్లో సర్దుకుంది. అనుకున్న మెట్టుకి మించి ఇంకో ఇరవై అయిదు మి.గ్రా. తేడా ఏపాటి అనిపిస్తుంది. 225లో 25 అంటే తొమ్మిదో వంతు. 150లో 50 అంటే మూడో వంతు. శరీరానికి తెలిసేది వంతు. కిందకి దిగేకొద్దీ అదే 25 పెద్దదవుతూ వస్తుంది. ఆ లెక్క నాకు తెలుసు, పెళ్లి తేదీ చూసి పక్కన పెట్టాను. ఆవిడకి అదే మాట చెప్పి క్షమించమన్నాను.

ఆ నాలుగు రోజుల్లోనే ఊళ్లో మెడికల్ షాపులో నిద్ర మాత్ర కొన్నారు. అదృష్టవశాత్తూ కోడలు వేసేముందు ఫోన్ చేసింది. ఆల్ప్రాజోలం లాంటి నిద్ర మాత్రలు, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు ప్రెగాబలిన్‌తో కలిస్తే పెద్ద వయసులో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పైగా ఒక అలవాటు మాన్పిస్తూ ఇంకోటి అంటించినట్టవుతుంది. వేయొద్దన్నాను.

డిసెంబరు మొదట్లో 100, నెలాఖరుకి 75. సంక్రాంతి ముందు దించొద్దని నేనే ఆపాను. అరిసెలు, అల్లుళ్లు, రాత్రి మెలకువలు, వీటి మధ్య కొత్త మెట్టు ఎందుకు? కనుమ వెళ్లిన మూడు రోజులకి 50కి దించాం.

అన్నిటికంటే కష్టమైంది ఆ మెట్టే. రెండో రోజు రాత్రి ఫోన్. ఈసారి మాట్లాడింది ఆవిడే. "మళ్లీ లేచిందండి. సర్పి మంట మళ్లీ లేచింది."

ఫోన్లో మూడు ప్రశ్నలు అడిగాను. ఎప్పుడు మొదలైంది? నిన్నటి నుంచి. మంట మచ్చ దగ్గరేనా, ఇంకెక్కడైనా? "అక్కడా ఉందండి, భుజాలు, తొడలు, ఒళ్లంతా చిమచిమలాడతంది. చెమట కూడా." జాకెట్టు తగిలితే మండుతోందా? కాసేపు చప్పుడు లేదు. వేలితో రాసుకుని చూసుకుంటోందని తెలుస్తోంది. "లేదండి. తగిలితే ఏం లేదు."

ఈ మూడు ప్రశ్నలకే ఇంత చోటు ఇస్తున్నాను, ఎందుకంటే మందు మాన్పించే ప్రయత్నాలు చాలావరకు విఫలమయ్యేది ఇక్కడే. మందు తగ్గించిన ఒకటి రెండు రోజుల్లో మొదలై, ఒళ్లంతా ఉండి, నిద్ర లేకపోవడం, చెమట, దడ, కంగారుతో కలిసి వచ్చి, వారం రెండు వారాల్లో తగ్గుతూ పోతే అది శరీరం సర్దుకోవడం. పాత నొప్పి తిరిగొస్తే అది పాత చోటునే పట్టుకుంటుంది, బట్ట తగిలితే భగ్గుమంటుంది, రోజులు గడిచినా తగ్గదు. మొదటిదాన్ని రెండోది అనుకుని మోతాదు పెంచేస్తే మనిషికి "ఇది లేకపోతే నేను లేను" అన్న భయం శాశ్వతమవుతుంది. పెంచలేదు, తగ్గించనూ లేదు. 50 దగ్గరే ఆగమన్నాను. రోజూ సాయంత్రం కోడలు నాకు ఒక్క మాట పంపేది: నిద్ర ఎన్ని గంటలు, చెమట ఉందా లేదా. తొమ్మిదో రోజుకి ఐదు గంటల నిద్ర. రెండో వారం చివరికి ఆరు. అయినా తొందరపడకుండా అక్కడే నాలుగు వారాలు ఉన్నాం.

50 తర్వాత 25 ఎలా? దినం విడిచి దినం వేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మంచి కిడ్నీలున్న ఒంట్లో ఈ మందు ఆరు గంటలకి సగమైపోతుంది. కిడ్నీలు మందగిస్తే ఇంకాస్త ఎక్కువ సేపు ఉంటుంది. అయినా రోజు మార్చి రోజు వేస్తే పలక ఒకరోజు దించి ఒకరోజు ఎత్తినట్టే. అందుకని 50 మి.గ్రా. మామూలు క్యాప్సూల్ విప్పి, పొడిని 10 మి.లీ. నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో 5 మి.లీ. తీసి ఇవ్వడం, మిగిలింది పారబోయడం. ప్రెగాబలిన్ నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి ఇది కుదిరింది. ఇది మందు వివరపత్రంలో ఉండే పద్ధతి కాదు. కోడలి చేత నా ఎదురుగా రెండుసార్లు చేయించాకే ఇంటికి పంపాను. నిదానంగా కరిగేలా తయారుచేసిన ఎస్ఆర్, ఈఆర్ మాత్రలని ఇలా విప్పకూడదు, చిదపకూడదు, సగం చేయకూడదు. డాక్టరుకి చెప్పకుండా ఎవరూ ఇంట్లో చేయొద్దు.

ఫిబ్రవరి మధ్యలో 25. నెల తర్వాత, మార్చి మధ్యలో పూర్తిగా ఆపాం. చివరి మెట్టులో మూడు రాత్రులు నిద్ర పలచబడింది, అంతకుమించి లేదు. ఏప్రిల్ నెలాఖర్లో నార్‌ట్రిప్టిలిన్ కూడా తీశాం.

ఇది చదివి సుగర్ వల్ల అరికాళ్ల మంటలున్నవాళ్లు మందు ఆపేయొద్దు. సర్పి నొప్పి తగ్గిపోవచ్చు. సుగర్ వల్ల నరం దెబ్బతినడం సాగుతూనే ఉంటుంది, వాళ్లలో చాలామందికి ఈ మందు నిజంగా అవసరం. ఫిట్స్ కోసం ఇదే మందు వేసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఒక్కరోజు మానినా ప్రమాదమే. ఫిట్స్ లేనివాళ్లకి కూడా, పెద్ద మోతాదు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. మాటలో తడబాటు, అయోమయం, ఫిట్స్, చచ్చిపోవాలనే ఆలోచన, ఇందులో ఏది కనిపించినా ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మేలో వచ్చినప్పుడు గోడ క్యాలెండర్ ఆకులు కూడా పట్టుకొచ్చింది. మోతాదు దించిన ప్రతి తేదీ చుట్టూ కోడలు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. పడిన రోజులకి గుణకారం గుర్తు. ఆగస్టు తర్వాత ఆ గుర్తు ఒక్కటే ఉంది, అక్టోబరులో, నేను తొందరపడిన ఆ వారంలో. క్రియాటినిన్ 1.2. వాపు సగం తగ్గింది, మిగతా సగం ఆమ్లోడిపిన్‌ది అయ్యుంటుంది. దాన్ని మార్చే పని తర్వాతి నెల పెట్టుకున్నాం. చలి రాత్రుల్లో మచ్చ దగ్గర అప్పుడప్పుడు సూది గుచ్చినట్టు ఉంటుందట, నిమిషం ఉండి పోతుందట. "దానికి మందొద్దులెండి" అంది. డబ్బాలో మిగిలిన పదకొండు క్యాప్సూల్స్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఖాళీ డబ్బా మాత్రం తిరిగి అడిగి తీసుకుంది, బీపీ మాత్రలు పెట్టుకోవాలని. జూన్ దగ్గరపడుతోంది మరి.